ఓదెలు నల్లా

భూమి కడుపులో బొగ్గు ఇంకా నిండుగా ఉన్న రోజులవి. పైన అడవి, కింద బొగ్గు, నడుమ మనుషులు. ఆ కాలాన కాకివాగు అనే ఊళ్లో దుర్గం ఓదెలు అని ఒక బాయి కూలి ఉండేవాడు. ఊ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి. నిద్ర వచ్చేవాళ్లు గోడకు ఆనుకోండి. ఇది ఆ ఓదెలు కథ.

కాకివాగులో అప్పుడు రెండు బొగ్గుబాయిలు, అంటే బొగ్గు గనులు. ఒకటి పాత బాయి, ఒకటి కొత్త బాయి. వాగుకు ఈ పక్క పాత బాయి వాళ్ల గుడిసెలు, ఆ పక్క కొత్త బాయి వాళ్ల గుడిసెలు. నడుమ వాగు ఉండేది గానీ అందులో నీళ్లు తాగడానికి పనికొచ్చేవి కావు. బొగ్గు కడిగి కడిగి కాకిరెక్కలా నల్లగా పారేవి. మంచినీళ్లు కావాలంటే అడవిలో మూడు మైళ్లు నడిచి చెలిమె దగ్గరికి పోవాలి.

ఓదెలుది పాత బాయి. తట్టా పారా పట్టుకుని బాయిలోకి దిగేవాడు. షిఫ్టుకు మూడు టబ్బుల బొగ్గు నింపేవాడు. మనిషి పొడుగు, చేతులు చేటలంత. నడిస్తే నిదానం, మాట్లాడితే ఇంకా నిదానం. ఎవరైనా మూడు మాటలంటే తాను ఒక మాట అనేవాడు. ఆయన భార్య పోచక్క మాత్రం చురుకు మనిషి. ఉన్నమాట మొహం మీదే అనేది.

ఆ బాయిల మీదికి కంపెనీ ఒక తెల్లదొరను ఇంజనీరుగా తెచ్చింది. పేరు ప్రాట్ దొర. ఆయన తన దేశంలో పదిహేనేళ్లు ఫుట్‌బాల్ ఆడినవాడట. ఆడడమంటే పరుగెత్తి తన్నడం కాదు, రెండు కట్టెల నడుమ నిలబడి వచ్చే బంతిని ఆపడం. గోలీ అంటారు కదా, అది. ఆయన చేతుల్లో తిన్నగా ఉన్న వేలు ఒక్కటీ లేదు. వయసు మీద పడ్డాక ఆట మానేసి, ఓడెక్కి, బొగ్గు వెతుక్కుంటూ కాకివాగు దాకా వచ్చాడు.

దొర బాయి కూలీలకు ఆట నేర్పాడు. అందరికీ బంతి తన్నాలనే. కట్టెల నడుమ నిలబడేవాడే దొరకలేదు. పాత బాయి వాళ్లు ముగ్గురిని నిలబెట్టి చూశారు. మొదటివాడు బంతి వస్తే కళ్లు మూసుకున్నాడు. రెండోవాడు బంతి వస్తే పక్కకు తప్పుకున్నాడు. మూడోవాడు బంతిని పట్టుకుని, దానితో పాటు తనూ గోల్లోకి పోయి పడ్డాడు.

ఒకరోజు బాయి మొగదల ఎవరి నెత్తి మీదినుంచో బొగ్గు తట్ట జారింది. కింద కూర్చున్న ఓదెలు లేవనైనా లేవకుండా చేతులు చాచి పట్టుకుని పక్కన పెట్టాడు. పెట్టి మళ్లీ రొట్టె తినసాగాడు. దొర అది చూశాడు. ఆ సాయంత్రమే ఓదెలును తీసుకుపోయి కట్టెల నడుమ నిలబెట్టాడు.

"నేనేం చెయ్యాలె, దొరా?" అని అడిగాడు ఓదెలు.

ఈ రెండు కట్టెల నడుమ నుంచి బంతిని పోనివ్వకు అన్నాడు దొర.

"ఎందాక?"

నేను ఈల ఊదేదాక అన్నాడు.

బంతి వచ్చింది. ఓదెలు పట్టాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ పట్టాడు. చీకటి పడి బంతి కనపడకుండా పోయేదాకా వస్తూనే ఉంది, ఓదెలు పడుతూనే ఉన్నాడు.

దొర ఆయనకు మూడు సంగతులు నేర్పాడు. బంతి వెనక ఒళ్లుండాలి. కన్ను బంతి మీద ఉండాలి. పోయిన బంతిని తలుచుకోకూడదు. మొదటి రెండూ ఓదెలుకు వారంలో వచ్చేశాయి. మూడోది రాలేదు. తన పక్కనుంచి పోయిన ఒక్కో బంతినీ బాయిలో పారతో బొగ్గు ఎత్తుతూ తలుచుకునేవాడు.

ఏటా ఎండాకాలం చివర రెండు బాయిలకూ పోటీ జరిగేది. మొదటి ఏడు కొత్త బాయి గెలిచింది. రెండో ఏడూ కొత్త బాయే గెలిచింది. మూడో ఏడు వచ్చేసరికి ఆటకు ఒక ముడి పడింది.

కంపెనీ ఆ ఊరికి మంచినీళ్ల పైపులు పంపింది. అవి ఒక్క వాడకే సరిపోతాయి. మిగతావి ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. ముందు ఎవరికి వెయ్యాలని రెండు వాడలూ పోట్లాడుకుంటే, దొర పోటీలో గెలిచిన వాడకని తేల్చేశాడు. దాహానికి పందెమేమిటని అప్పుడెవరూ అడగలేదు. అవి ఆ రోజులు.

పోచక్క రోజుకు మూడు బిందెలు మోసేది. మోసి మోసి ఆమె నడినెత్తిన వెంట్రుకలు అరిగిపోయి రూపాయంత బోడి కనపడేది. పోటీ నాడు పొద్దున ఆమె మొగుడికి జొన్న గటక పోసి ఒక్కటే మాట అంది.

"ఇయ్యాల మాత్రం పోనియ్యకు."

ఆట మొదలైంది. రెండు వాడల జనం మైదానం చుట్టూ గుమిగూడారు. పాత బాయి కెప్టెన్ రాజలింగు సగం ఆటకు ముందే ఒక గోల్ కొట్టాడు. ఇక అది నిలబెట్టుకుంటే చాలు. బంతి వచ్చింది. ఓదెలు పట్టాడు. కుడి నుంచి వచ్చింది. పట్టాడు. ఎడమ నుంచి వచ్చింది. పట్టాడు.

పొద్దు వాలింది. కొత్త బాయిలో సమ్మయ్య అని ఒకడుండేవాడు. వాడి కాలికి తగిలిన బంతి తుపాకి గుండే. వాడు తన్నాడు. దుమ్ము లేచింది. ఓదెలు వెనక్కి తూలుతూ తూలుతూ బంతిని పొట్టకు హత్తుకుని బోర్లా పడ్డాడు. పాత బాయి జనం లేచి కేకలు వేశారు. దొరే ఆటకు పెద్ద. ఆయన దూరంగా ఉన్నాడు, కళ్లలో ఎండ పడుతోంది. ఆట సాగనివ్వమని చెయ్యి ఊపాడు.

ఓదెలు లేవలేదు.

కట్టెల నడుమ గీసిన సున్నపు గీత ఎక్కడుంది? మోచేతుల ముందు. బంతి ఎక్కడుంది? పొట్ట కింద. రెంటి నడుమ జానెడు నేల. ఆ జానెడు నేలను చూసినవాడు ఓదెలు ఒక్కడే. సమ్మయ్య కూడా చూడలేదు, తల పట్టుకుని వెనక్కి తిరిగి పోతున్నాడు.

ఓదెలుకు పోచక్క నడినెత్తి కళ్లముందు కనపడింది. ఒక ఊపిరి తీశాడు. రెండో ఊపిరి తీశాడు. మూడో ఊపిరికి లేచి, బంతి చంకన పెట్టుకుని, నిదానంగా దొర దగ్గరికి నడిచాడు.

"దొరా, గీత దాటింది."

దొర ఆయన మొహంలోకి చూసి, నీకు ఖాయంగా తెలుసా అని అడిగాడు.

"నా పొట్ట కింది నేల నాకెరుక లేదా, దొరా."

దొర ఈల ఊదాడు. చెరొక గోల్ అయింది. ఆ తర్వాత పాత బాయి వాళ్ల కాళ్లలో సత్తువ లేకపోయింది. ఆట ముగుస్తుందనగా కొత్త బాయి ఇంకొకటి కొట్టింది. పైపులు వాగు దాటి ఆ పక్కకు పోయాయి.

రాజలింగు ఓదెలుతో మాట్లాడడం మానేశాడు. బాయిలో ఆయనతో కలిసి టబ్బు నింపడానికి జోడీ ఎవరూ రాలేదు. ఒక్కడే నింపుకున్నాడు. ఇంట్లో పోచక్క ఆ సాయంత్రం అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది, ఎదురుగా కూర్చుంది.

"దాటిందా?"

"దాటింది."

"ఎంత?"

ఓదెలు జాన చాపి చూపించాడు. పోచక్క ఆ జానను చాలాసేపు చూసింది.

"ఆ జానెడు కోసం నేను మూడు మైళ్లు నడువాలె," అంది.

ఓదెలు తల వంచుకుని తిన్నాడు. తెల్లారి ఆమె బిందె ఎత్తుకుని గుమ్మం దాటి, ఆగి, వెనక్కి తిరిగింది. "చూస్తవేంది, నువ్వు సుత ఒకటి ఎత్తుకో," అంది. ఓదెలు ఎత్తుకున్నాడు. మగవాడు నెత్తిన బిందె పెట్టుకున్నాడని వాడంతా నవ్వింది. ఆ రోజునుంచి రోజూ షిఫ్టుకు ముందు ఇద్దరూ చెలిమెకు పోయేవాళ్లు. దారిలో పోచక్క మాట్లాడేది, ఆయన ఊ కొట్టేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అంతసేపు కలిసి నడిచింది లేదని ఓదెలుకు మూడోనాటికి తోచింది. ఆ సంగతి ఆమెతో అనలేదు.

ఒకనాడు పొద్దున ఆ దారిలోనే దొర ఎదురుపడ్డాడు. వచ్చీరాని తెలుగులో, చేతులతో చూపిస్తూ ఒక సంగతి చెప్పాడు. ముప్పై ఏళ్ల కింద, తన దేశంలో, తన ముందూ ఒక బంతి ఇలాగే దాటింది. ఎవరూ చూడలేదు. తాను చెప్పలేదు. ఊరంతా తనను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించింది.

"ఆ బంతి ఇప్పటికీ దాటుతూనే ఉంది, ఓదెలూ," అన్నాడు దొర.

ఓదెలు బిందె దించి, దొర వంకర వేళ్లను తన చేతుల్లోకి తీసుకున్నాడు.  అప్పటికి ఓదెలు మూడో పాఠం తనకు వచ్చేసిందని తెలుసుకున్నాడు. దాటిన ఆ బంతిని తాను ఒక్కనాడూ తలుచుకోలేదు.

కొత్త బాయి వాడలో గద్దె కట్టి ఐదు నల్లాలు పెట్టారు. నీళ్లు వదిలిన రోజు సమ్మయ్య ఖాళీ బిందె పట్టుకుని, వాగు దాటి, ఓదెలు గుడిసె ముందుకొచ్చాడు. పాత బాయి జనం ఎగతాళికి వచ్చాడనుకుని చుట్టూ చేరారు.

"ఓదెలన్నా," అన్నాడు సమ్మయ్య, "ఆ బంతి దాటిందని తన్నిన నాకే తెల్వదు. నువ్వు నోరు మూసుకుంటే ఈ నల్లాలు ఈ పక్కనే ఉండేటియి. మా ఆడోళ్లు కూసొని మాట్లాడుకున్నరు. ఐదింట్ల ఒకటి మీ వాడకు. వదినెను రమ్మను."

అందరూ పోచక్క వైపు చూశారు. ఆమె కొంగు నడుముకు చెక్కి, సమ్మయ్య చేతిలోని బిందె లాక్కుని, వాగులోకి దిగింది. ఆమె వెనక ఒకామె, ఆమె వెనక ఇంకొకామె, పాత బాయి ఆడవాళ్లంతా వరసగా దిగారు. గద్దె దగ్గర ఐదో నల్లా కింద ఎవరూ బిందె పెట్టలేదు. పోచక్క పెట్టింది. తొలి బిందె నిండగానే ఒక దోసెడు నీళ్లు తీసుకుని తన నడినెత్తిన చల్లుకుంది.

మర్నాడు రాజలింగు తట్ట తెచ్చుకుని ఓదెలు టబ్బు దగ్గర నిలబడ్డాడు.  ఇద్దరూ కలిసి నింపారు.

రెండేళ్లకు పాత బాయి వాడకూ పైపులు వచ్చాయి. దొర ఓడెక్కి తన దేశం పోయాడు. ఓదెలు మాత్రం కట్టెల నడుమనే ఉన్నాడు. బంతి వచ్చింది, పట్టాడు. మీసం నెరిసింది, పట్టాడు. పది వేళ్లూ వంకర తిరిగాయి, అయినా పట్టాడు. పాత బాయి మూడుసార్లు గెలిచింది, ఏడుసార్లు ఓడింది. ఆఖరుకు ఒకరోజు బంతి వచ్చింది. ఓదెలు పట్టలేదు. అది నెమ్మదిగా ఆయన కాళ్ల పక్కనుంచి దొర్లిపోయింది. ఆయన దాన్ని చూసి నవ్వి, బయటికి నడిచి, గట్టు మీద పోచక్క పక్కన కూర్చుని ఇక చాలు అన్నాడు.

ఇంకా చాలా ఏళ్లు బతికాడు. నిండుగా బతికి, ఒక మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, నులక మంచం మీద ఒరిగి, మళ్లీ లేవలేదు. రెండు బాయిలూ ఆ పూట పని ఆపాయి. పాడె ఏ వాడ వాళ్లు మోయాలని గొడవపడ్డారు. పోచక్క వచ్చి, వాగు దాకా ఒకరు, వాగు దాటాక ఒకరు అని తీర్పు చెప్పింది.

ఇప్పుడు ఆ బాయిలు మూతపడ్డాయి. ఇంటింటికీ నల్లా ఉంది. అయినా కాకివాగులో గద్దె మీది ఐదో నల్లాను ఓదెలు నల్లా అంటారు. పరాయి ఊరి మనిషి బిందెతో వస్తే నేరుగా దాని దగ్గరికి తీసుకుపోతారు. పంచాయితీలో ఎవడైనా మాట మారిస్తే, ఒట్టు వెయ్యమని అడగరు. "గీత దాటిందా, దాటలేదా?" అని అడుగుతారు.

ఇక మైదానంలో సంగతి. అక్కడ ఇప్పటికీ పిల్లలూ పెద్దలూ ఆడతారు. బంతి గీత మీద అనుమానంగా పడితే ఆట పెద్ద ఈల ఊదడు. జనం అరవరు. తన్నినవాడు కూడా ఉన్నచోటే ఆగిపోతాడు. అందరూ గోలీ వైపు తిరిగి, వాడు మూడు ఊపిర్లు తీసేదాకా ఆగుతారు.