ముడి చెప్పిన సంగతి

రాజుగారి పాఠశాలలో పుస్తకాలు చూసుకునే మనిషి కావాలని చాటింపు వేశారు. తాటాకు పుస్తకాలు కట్టే తాళ్ళు పేనే గవరమ్మ కూడా వెళ్ళింది. ఆ కొలువు బావమరిదికి ఇప్పించుకోవాలని చూస్తున్న విరూపాక్ష పండితుడికి ఒళ్ళు మండింది.

"ఏ పుస్తకం ఏదో తెలియనివాళ్ళకి ఇక్కడేం పని? ఈ అరలో రెండు వందలున్నాయి. కట్టు విప్పకుండా నేను రాసింది తియ్యి చూద్దాం!" అన్నాడు రాజుగారి ఎదుటే.

గవరమ్మ అర ముందు ఒకసారి అటూ ఇటూ నడిచి, ఒక కట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. అది ఆయనదే. 

"ఎలా కనిపెట్టావమ్మా?" అన్నారు రాజుగారు.

"అన్నీ నేను పేని కట్టిన తాళ్ళే ప్రభూ. పిల్లలు విప్పీ కట్టీ అవి మాసిపోయి పీచులేచాయి. పంతులుగారి పుస్తకమంటే పిల్లలు పారిపోతారని మా వీధిలో అందరికీ తెలుసు. పదేళ్ళ కిందట నేను వేసిన ముడి దీనికొక్కదానికే చెక్కు చెదరలేదు."

రాజుగారు నవ్వాపుకుని కొలువు ఆమెకే ఇచ్చారు. గవరమ్మ వెంటనే ఆ కట్ట ముడి విప్పి, తాడు బాగా నలిపి, మళ్ళీ వేసింది.

"ఇదెందుకు?" అన్నాడు పండితుడు.

"రేపు ఇంకెవరూ ఇలా పట్టెయ్యకుండానండి."