వంగి పరుగెత్తిన రాజ్యం

మల్లెలదుర్గం అని ఒకానొక బుల్లి రాజ్యం ఉండేది. ఎంత బుల్లిదంటే, రాజుగారు కోట బురుజు మీద నిలబడి తుమ్మితే పొలిమేర అవతలివాళ్లు 'చిరంజీవ' అనేవారు. రాజుగారి పేరు మాత్రం చిన్నది కాదు. రణరంగకంఠీరవ తిప్పభూపాలుడు. ఆయన బిరుదులన్నీ చదవాలంటే వందిమాగధుడు మధ్యలో ఒకసారి ఆగి మంచినీళ్లు తాగవలసిందే.

ఆ ఆస్థానంలో ఓబులేసు అని ఒక ఎముకల వైద్యుడు. విరిగింది కాలైనా చేయైనా, ఆకు పసరు పూసి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు కట్టాడంటే ఇక అతుక్కోవలసిందే. చేతికంటే నోరు చురుకు. కట్టు బిగించేటప్పుడు ఏదో ఒకటి చెప్పి రోగిని నవ్వించేవాడు. నవ్వుతున్నవాడు తన్నడని ఆయన అనుభవం.

ఆయన దగ్గర నయమైనవాళ్లకి ఒక ఆచారం ఉంది. కట్టు విప్పిన రోజున ఆ వెదురు బద్దని, తమని పడగొట్టినదాని ముక్క ఒకటి జతచేసి, ఓబులేసు వసారా గోడలకి ఉన్న మేకుల్లో ఒకదానికి కట్టి పోవాలి. అలా చేస్తే ఆ గండం మళ్లీ తమ జోలికి రాదని నమ్మకం. ఎద్దు తన్నినవాడు దాని తోక వెంట్రుకలు కట్టాడు. తాటిచెట్టు మీంచి జారినవాడు మట్ట ముక్క కట్టాడు. ఒకాయన చిన్న రోకలి పేడు కట్టి, అది ఎవరి చేతిలోదో మాత్రం చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఇలా ఉండగా ఒక వేసవిలో పొరుగు రాజ్యం నుంచి కబురు వచ్చింది. అక్కడ పెళ్లి ఊరేగింపులో ఎవడో ఉత్సాహం పట్టలేక తుపాకీ పేల్చాడట, గుండు తగిలి ఒకడు పోయాడట. పాపం, నిజంగానే పోయాడు. కానీ ఆ ఒక్కడు కొండ కనుమ దాటేసరికి ఏడుగురయ్యాడు. సంతలోకి వచ్చేసరికి పాతికమంది అయ్యాడు. కోట గుమ్మం ఎక్కేసరికి పెళ్లికొడుకుతో సహా ఊరేగింపు ఊరేగింపే నేలకూలింది.

ఊరంతా వణికిపోయింది. గారెలు వేగుతూ చిటపటమన్నా జనం మంచాల కింద దూరారు. అందరికంటే ఎక్కువ వణికింది రణరంగకంఠీరవుడే. మండుటెండలో దూది బొంత చుట్టుకుని, దాని మీద కవచం తొడుక్కుని కొలువులో కూర్చున్నాడు.

కోటకి నూట పన్నెండు రాతిమెట్లు. ఇకమీదట వాటిని ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ నడుం వంచి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని, ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ దూకుతూ పరుగెత్తాలని ఆజ్ఞ చాటించాడు. గుండు తిన్నగా వస్తుంది కాబట్టి వంకరగా పోయేవాడికి తగలదని మంత్రి భద్రయ్య శాస్త్రం చెప్పాడు. పాలు పోసేవాళ్లు, పూలు తెచ్చేవాళ్లు, పురోహితులు, అందరూ అలాగే పరుగెత్తారు. రాజుగారూ అలాగే పరుగెత్తాడు.

రెండు నెలలయ్యాక రెండో ఆజ్ఞ వచ్చింది. తుపాకీ పట్టిన ప్రతివాడూ ఎల్లుండిలోగా ఆలుబిడ్డలతో పొలిమేర దాటిపోవాలి.

ఆ సాయంత్రం ఓబులేసు చెల్లెలు చెన్నమ్మ నడుం మీద చేయి వేసుకుని అన్న గుమ్మంలోకి వచ్చింది. ఆమెకి నెలలు నిండాయి. ఆమె మొగుడు బసవన్న జొన్నచేలకి కాపలా కాస్తాడు. అడవిపందుల్ని బెదరగొట్టడానికి అతనికి ఒక పాత తుపాకీ ఉంది.

"అన్నా, ఎల్లుండి పొద్దున్నే బండి కడతానంటున్నాడు మీ బావ. పొలిమేర దాటాక కనుమ మీద మూడు రోజుల దారి. మధ్యలో నొప్పులొస్తే ఏ రాయి చాటున కనమంటావు?"

"బావ ఎప్పుడైనా ఎవరినైనా కాల్చాడా?"

"పందినే కాల్చలేడు, మనిషిని కాలుస్తాడా! మందు కూరి ఆకాశంలోకి పేలుస్తాడు. పందులు పారిపోతాయి. ఒక్కోసారి ఆయన కూడా పారిపోతాడు."

అంటూ నవ్వబోయి ఏడ్చేసింది. అమ్మ పోయాక ఓబులేసు ఎత్తుకుని పెంచిన పిల్ల. ఆ కనుమ దారి ఎలాంటిదో, అందులో బండ్లు ఎలా బోల్తాపడతాయో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వసారా గోడ వంక చాలాసేపు చూశాడు.

"సామాను సర్దుకో. ఎద్దుల్ని మాత్రం కట్టొద్దు, నేను చెప్పేదాకా," అన్నాడు.

మర్నాడు పొద్దున నూట పన్నెండు మెట్లూ వంగి, వంకరగా పరుగెత్తి, ఆయాసపడుతూ కొలువులో నిలబడ్డాడు.

"ప్రభూ, తుపాకులవాళ్లని తరమడం తమరి చిత్తం. కానీ వాళ్లని మించిన దుర్మార్గుడు ఒకడు ఊళ్లోనే ఉన్నాడు. ఈ రెండు నెలల్లో అరవైమంది కాళ్లూ చేతులూ విరగ్గొట్టాడు."

"అరవైమందినా! ఎవడు వాడు?" సింహాసనం మీద కవచం గలగలమంది.

"ఇక్కడ పేరు చెప్పలేను ప్రభూ. కోటలో వాడికి చాలా పలుకుబడి ఉంది. మా వసారా దాకా దయచేస్తే సాక్ష్యం చూపిస్తాను."

కొలువులో అందరూ ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకున్నారు. మంత్రి భద్రయ్యకి ఎందుకో చెమటలు పట్టాయి.

రాజుగారికి పౌరుషం వచ్చింది. "వాడు మంత్రి అయినా సరే, మా బావమరిది అయినా సరే, రేపటిలోగా పొలిమేర దాటిస్తాం. ఈ సింహాసనం మీద ఆన!" అని గర్జించాడు.

పల్లకీ ఓబులేసు ఇంటిముందు దిగింది. రాజు వస్తున్నాడని తెలిసి వీధి వీధంతా పోగయింది. రాజుగారు వసారాలోకి వచ్చి, గోడకి వేలాడుతున్నవన్నీ ఒక్కొక్కటే చూడసాగాడు.

"ఈ వెంట్రుకలేమిటి?"

"కొమరయ్య ఎద్దు, ప్రభూ."

"ఈ తాడు?"

"బావి చేంతాడు. తెగి, తోడుతున్నాయన వెల్లకిలా పడ్డాడు."

"ఈ పుచ్చకాయ తొక్క?"

"పురోహితులవారు. తొక్క వేసింది కూడా ఆయనే."

రాజుగారి మీసం కదిలింది. అంతలో ఆయన చూపు ఒక ఖాళీ మేకు మీద పడింది. "దీనికేమీ లేదేం?"

"అది తుపాకీ గుండు కోసం ఉంచాను ప్రభూ. ముప్పై ఏళ్లయింది. మన రాజ్యంలో ఇంతవరకూ ఎవరూ తేలేదు. ఇక ఇటు చూడండి. ఈ గోడ మొత్తం ఈ రెండు నెలలదే."

ఆ గోడ నిండా బద్దలే. ప్రతి బద్దకీ ఒకేలాంటి నల్లరాతి పెచ్చు.

"ఒకే రాయి!" రాజుగారి కళ్లు ఎర్రబడ్డాయి. "ఎవడు విసిరాడు?"

"ఎవరూ విసరలేదు ప్రభూ. జనమే వెళ్లి దాని మీద పడ్డారు."

రాజుగారు ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. గొంతు తగ్గింది. "ఇది మా కోట మెట్టు."

"మెట్ల తప్పేమీ లేదు ప్రభూ. మీ తాతగారి కాలం నుంచీ కుదురుగానే ఉన్నాయి. జనం నిలబడి నడిచినన్నాళ్లూ ఎవరినీ ఏమీ అనలేదు. వంగి, చేతులు నెత్తిన పెట్టుకుని, అటూ ఇటూ దూకమని చెప్పినవారు ఎవరో, వారే అసలు ముద్దాయి." ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. "రేపటిలోగా పొలిమేర దాటిస్తామని తమరు ఆన పెట్టారు. వారికి బండి కావాలంటే మా చెల్లెలిది సిద్ధంగా ఉంది. సామాను కూడా సర్దే ఉంది."

ఓబులేసు పైకి నిబ్బరంగానే ఉన్నాడు కానీ, మాట జారిపోయింది, ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

రాజుగారు కోపంగా ఒక అడుగు ముందుకి వేశాడు. వేసి, "అబ్బా!" అన్నాడు.

ఓబులేసు క్షణంలో కింద కూర్చుని ఆ కాలు పట్టుకున్నాడు. "ఎడమ చీలమండ. వారం రోజులై ఉంటుంది."

"వాతం అనుకున్నాం," అన్నాడు రాజుగారు నెమ్మదిగా.

"వాతం కాదు ప్రభూ. పడ్డారు. ఎన్నో మెట్టు?"

రాజుగారు అటూ ఇటూ చూసి, వంగి ఓబులేసు చెవిలో చెప్పాడు. "నలభయ్యోది. ఎవరూ చూడలేదు."

"అక్కడే ప్రభూ, అందరూ అక్కడే!"

ముందు మీసం వణికింది. తర్వాత పొట్ట వణికింది. తర్వాత కవచం, బొంత, కిరీటం అన్నీ ఊగిపోయేటట్టు రాజుగారు పకపకా నవ్వాడు. రాజు నవ్వితే నవ్వొచ్చు కదా అని వీధి కూడా నవ్వింది. నవ్వుతుండగానే ఓబులేసు మడమ పట్టి ఒక్క గుంజు గుంజాడు. కీలు టక్కున కూర్చుంది.

రాజుగారు కళ్లు తుడుచుకుని, "నిజం చెప్పు. నీకు తుపాకీ అంటే భయం లేదా?" అని అడిగాడు.

"ఎందుకు లేదు ప్రభూ! పొరుగు రాజ్యంలో పోయింది ఒక్కడే కావచ్చు, వాడి ఇంటికి వాడే దిక్కు. పెళ్లిళ్లలో పేల్చొద్దని శాసించండి. మందుగుండు కోటలో తాళం వేసి ఉంచండి. చేలకి కావలసినవాడికి కావలసినంత ఇప్పించండి. ఆ పైన మమ్మల్ని మామూలుగా నడవనివ్వండి."

రాజుగారు తల పంకించి, బొంత విప్పి విసిరేసి, మంత్రి చేతిలోంచి ఆ రెండు ఆజ్ఞల తాటాకులూ లాక్కున్నాడు.

"ముద్దాయిలు ఇవే. మా ఆన తప్పదు. భద్రయ్యా, వీటిని నువ్వే స్వయంగా పొలిమేర దాటించి రా. నీ శాస్త్రం ప్రకారమే వెళ్లాలి సుమా!"

మంత్రిగారు ఆకులు నెత్తిన పెట్టుకుని, నడుం వంచి, కుడికీ ఎడమకీ దూకుతూ వీధి చివరిదాకా వెళుతుంటే ఊరంతా విరగబడి నవ్వింది. రాజుగారు తన చేతి బంగారు కడియం తీసి ఓబులేసు చేతికి తొడిగాడు.

ఓబులేసు అక్కడినుంచి తిన్నగా చెల్లెలి ఇంటికి పరుగు తీశాడు. సంగతంతా విని చెన్నమ్మ చెంగుతో కళ్లు అద్దుకుంది. తర్వాత ఆమె చూపు బండి మీద పడింది. కుండలు, జాడీలు, తిరగలి, మంచం కోళ్లు అన్నీ తాళ్లతో బిగించి ఉన్నాయి.

"ఈ ముక్కేదో నిన్ననే చెప్పి ఉండొచ్చు కదా అన్నా! రాత్రంతా సర్దాం. ఇప్పుడు ఇవన్నీ ఎవరు దింపుతారు?"

ఓబులేసు బంగారు కడియం మోచేతి పైకి తోసుకుని, బండెక్కి, మొదటి కుండ బావ చేతికి అందించాడు.