కొండవెనక పడిన నిప్పుముద్ద

అనగా అనగా, ఎప్పటిమాటో, కొండ పక్కన ఓ చిన్న ఊరు. చుట్టూ ముళ్ళకంచె, దానికి ఒకటే తలుపు. ఆ ఊళ్ళో నూకాలని ఓ కోడలు. మొగుడు పొరుగూరు వెళ్ళాడు. ఇంట్లో అత్తా, మామా. మామ సింహాద్రి రోజూ మేకల్ని కొండకి తోలుకెళ్ళి దీపాలవేళకి వచ్చేసేవాడు. ఊ కొట్టండర్రా, ఊ కొడితేనే చెప్తాను.

ఓ రోజు అప్పుడే పొద్దు కుంకింది. ఉన్నట్టుండి ఆకాశంలో ఇంత లావు నిప్పుముద్ద! పచ్చగా, ఎర్రగా మండుతూ, తోక ఈడ్చుకుంటూ పోయి కొండవెనక పడింది. వీధంతా పట్టపగలైపోయింది. కాసేపటికి ఢామ్మని చప్పుడు. ఉట్టిమీద కుండలు గలగల. కుక్కలు మంచాలకింద, పిల్లలు తల్లుల కొంగులకింద.

కొరివిదయ్యం దిగిందన్నాడు ఊరిపెద్ద గవరయ్య. తెల్లారేదాకా కంచెతలుపు తియ్యొద్దని అడ్డకర్ర వేయించేశాడు.

"మామ ఇంకా రాలేదు బాబూ, తలుపు తియ్యండి" అని నూకాలు ఒక్కొక్కర్నీ బతిమాలింది. ఒక్కరూ కదల్లేదు. అత్త కూలబడి ఏడుస్తోంది. నూకాలు ఏం చేసిందీ? గోనెపట్టా తెచ్చి ముళ్ళమీద పరిచి, అవతలకి దూకేసింది. చేతులు గీరుకుపోయాయి. మామా, మామా అని అరుచుకుంటూ కొండెక్కింది. భయం వెయ్యలేదా అంటావేమే? వేసింది. వణుకుతూనే ఎక్కింది.

మేకలు బెదిరి తోసేస్తే ముసలాయన బండసందులో పడున్నాడు. చీలమండ బూరెలా వాచింది. వీపున ఎక్కించుకుని దిగింది. మేకలు ఒకటీ ఒకటీ వెనకే వచ్చాయి.

కంచె దగ్గరకొచ్చేసరికి, మసకచీకట్లో రెండు తలకాయలూ నాలుగు చేతులూ కనబడ్డాయి లోపలివాళ్ళకి. దయ్యం, దయ్యం! ఓ రాయి వచ్చి నూకాలు భుజానికి తగిలింది. ఇంకోటి మామ చెవిపక్కనుంచి పోయింది.

"గవరయ్య బాబూ! నీ కోడలి పురిటికి వేణ్ణీళ్ళు కాచింది నేను కాదా? ఎర్రయ్యా! పొద్దున మజ్జిగ పట్టుకెళ్ళింది మా ఇంట్లోంచి కాదా? రావులమ్మా! నీ పిల్లకి జడేసింది ఎవరే? దయ్యాలు జడలేస్తాయా?" అని అరిచింది నూకాలు.

రాళ్ళు ఆగాయి. తలుపు మాత్రం తెరుచుకోలేదు. అప్పుడు అత్త లేచింది. అందర్నీ తోసుకుని వెళ్ళింది.

"అది నా కోడలి గొంతు. దయ్యమే అయితే ముందు నన్నే తిననీ" అని అడ్డకర్ర లాగేసింది.

గవరయ్య చేతిలో రాయి జారిపోయింది. తలొంచుకుని, తనే ఆముదం తెచ్చి ముసలాయన కాలికి రాశాడు. తెల్లారి కొండవెనకకి వెళ్ళి చూస్తే ఓ నల్లరాయి, చుట్టూ కాలిన గడ్డి. అంతే, దయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

మీకూ ఎప్పుడైనా భయమేస్తుంది తల్లీ. తలుపేసుకునే ముందు, మనవాళ్ళెవరైనా బయటున్నారేమో చూసుకోండి.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.