ఒకే జత కళ్ళు

చోడవరం సంతవీధిలో సోమలింగం అనే చిత్రకారుడు ఉండేవాడు. కంప్యూటర్ మీద బొమ్మ గీయడంలో మొనగాడు, ఎదుటి మనిషి మొహం చూడటంలో పరమ బద్ధకస్తుడు.

మొదట్లో గోడల మీద కుంచెతో గీసేవాడు. తర్వాత కంప్యూటరూ, దాని ముందు పెట్టుకుని గీసే పలకా, కలమూ కొన్నాడు. చనిపోయినవాళ్ళ పాత ఫోటో తెస్తే కొత్తగా పటం గీసి ఇచ్చేవాడు. పదకొండో రోజున దండ వేయడానికి చుట్టుపక్కల వెయ్యి ఊళ్ళవాళ్ళకీ అతని పటమే కావాలి. అది తయారవలేదంటే యముడు కూడా నాలుగు రోజులు ఆగి వచ్చేవాడంటే నమ్మండి!

గిరాకీ పెరిగేసరికి అతనికో తెలివి పుట్టింది. ఒక జత కళ్ళు చక్కగా గీసి కంప్యూటర్లో దాచుకున్నాడు. ఎవరు పోయినా ఆ కళ్ళే అతికించేవాడు.

ఒకరోజు గవరమ్మ అనే ఆవిడ, తడిసి మచ్చలు పడ్డ భర్త ఫోటో తెచ్చింది.

"మా ఆయనది మెల్లకన్ను బాబూ. అది అలాగే ఉంచు. ఆ కన్నుతోనే నన్ను చూసేవాడు" అంది.

"పోయాక కూడా మెల్లకన్నెందుకమ్మా? సరిచేసి ఇస్తాగా!" అన్నాడు సోమలింగం, తల తిప్పకుండానే.

పటం చూసి గవరమ్మ కడవెడు కన్నీళ్ళు కార్చింది. సంతోషం కాబోలు అనుకున్నాడు.

ఆ పటాలకి ఫ్రేములు కట్టేది అతని అక్క పేరంటాలు. అమ్మా నాన్నా పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. పాతికేళ్ళుగా అతని వీపు వెనకే కూర్చుని మేకులు కొట్టేది.

"ఒరేయ్ తమ్ముడూ, నా బొమ్మ కూడా ఒకటి గీయరా. ఫ్రేము నేనే కట్టుకుంటాను" అంది ఒకసారి.

"పోయాక గీస్తాలే అక్కా, తొందరేముంది?" అన్నాడు.

"అయితే త్వరగానే పోతానుండు!" అని ఆవిడ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే టేకు ఫ్రేము ఒకటి కట్టి గోడకి తగిలించింది.

మూడు నెలలు తిరక్కుండా జ్వరం వచ్చి, వారంలో పోయింది.

సోమలింగం ఫోటో కోసం ఇల్లంతా తవ్విపోశాడు. రేషన్ కార్డు మీద వేలిగోరంతది దొరికింది. అందులో ముక్కేదో మూతేదో పుట్టించిన బ్రహ్మకి కూడా తెలియదు. తలుచుకుని గీద్దామని కలం పట్టాడు. ముక్కుపుడక ఎటువైపు? గుర్తు రాలేదు. గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేదా? తెలియలేదు. మేకుల చప్పుడొక్కటే గుర్తుంది. పది రోజులు తిండి మానేసి కూర్చుని, చివరికి ఎవరిదో ఒక పెద్దావిడ మొహం గీసి, దాచుకున్న కళ్ళే అతికించాడు.

పదకొండో రోజు జనం వచ్చారు. దండ వేయబోయిన గవరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఈ కళ్ళు మా గోడ మీదివి కదయ్యా!" అంది.

"మా అమ్మ పటంలోనూ ఇవే" అన్నాడొకడు.

"మా మావయ్యకీ ఇవే పెట్టాడు!" అంది ఇంకొకామె.

సోమలింగం గవరమ్మ చేతులు పట్టుకున్నాడు. "మా అక్కకి ముక్కుపుడక ఎటువైపమ్మా?"

"ఎడమవైపు. నేను చూసింది ఒక్కసారే నాయనా, నీ వెనక కూర్చుని ఉంటే" అని, దండ కింద పెట్టి వెళ్ళిపోయింది.

సోమలింగం పటం తీసేశాడు. మళ్ళీ కలం పట్టలేదు. అక్క కట్టిన టేకు ఫ్రేము ఇప్పటికీ ఖాళీగానే వేలాడుతోంది.

కాబట్టి పిల్లలూ, బతికున్నప్పుడు మనిషిని కళ్ళారా చూడనివాడు, ఎంత గొప్ప విద్య నేర్చినా, పోయాక ఆ మొహాన్ని తిరిగి తెచ్చుకోలేడు.