తీతువు కూత ఆపించిన నక్క

చెరువు తూము తలుపును తొండాలతో ఎత్తీ ఎత్తీ ఏనుగులకు విసుగొచ్చింది. ఇక ఆ పని కంప్యూటర్ ప్రోగ్రాముకు అప్పగించమని సింహం ఆజ్ఞాపించింది. టీమ్ లీడ్ నక్క. కోడ్ రాసేది ఎద్దు, నిదానమే కానీ నిఖార్సైన పనిమంతుడు. కోడ్ నడవకముందే వరుస వరుసా చదివి, తప్పు కనిపిస్తే కూసేది తీతువు. ఏ తప్పుకు కూయాలో, దేనికి ఊరుకోవాలో సెట్టింగుల్లో ఎలా పెడితే అలా నడుచుకుంటుందది.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే తీతువు అందుకుంది.

"నీటిమట్టం లెక్క రాకపోతే ఏం చేయాలో ఇక్కడ రాయలేదు! ఇక్కడా రాయలేదు! ఇదిగో, ఇక్కడా!"

నక్కకు ఒళ్లు మండిపోయింది. ఈ ఒక్క పూట గట్టెక్కితే మంత్రి పదవి ఖాయం.

"శుభమా అని తూము తెరుస్తుంటే తీతువు కూతేమిటే, అపశకునం! రాజుగారి చెవిన పడితే నా పదవి గోవిందా!"

"నేను కూస్తే శకునం కాదు బావగారూ, తప్పుంటేనే కూస్తాను," అంది తీతువు.

ఎద్దు నెమరు ఆపింది. "నక్క బావా, పరీక్షకని రాసిన పాత ఫైళ్లలో ఆ కూత అనవసరమే. అక్కడి వరకు ఆపి, ఎందుకు ఆపామో పక్కనే రాసిపెడదాం. తలుపు ఎత్తే చోట మాత్రం తప్పు తప్పే. మధ్యాహ్నానికి సరిచేస్తా."

"ముహూర్తం పొద్దున పెట్టుకుని మధ్యాహ్నం అంటావేమయ్యా!"

"ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోకు బావా."

నక్క వింటేగా! సెట్టింగులు తెరిచి ఆ తప్పుకు కూయాలన్న నియమాన్నే మొత్తంగా తీసేసింది. తీతువు మళ్లీ మొదటినుంచీ చదివింది.

"మీరు చూడమన్నవాటిలో తప్పుల్లేవు బావగారూ."

నక్కకు 'తప్పుల్లేవు' అన్న మాటే వినపడింది. "రాజా! తీతువే తప్పుల్లేవంది!" అంటూ పరుగెత్తింది.

రాజుగారి పాదాలు తడిసేంత నీరు వదిలి ఆపడం అక్కడి ఆచారం. సింహం ఎండిన కాలవలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కనే దండ పట్టుకుని నక్క. డప్పులు మోగాయి, తలుపు జానెడు లేచింది, చల్లని నీరు రాజుగారి గోళ్లను తాకింది. నక్క పొంగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఒక గేదె దురదపుట్టి కాలవ నీటిమట్టం కొలిచే స్తంభానికి వీపు రుద్దుకుంది. తీగ ఊడింది, లెక్క రావడం ఆగింది. లెక్క లేదంటే నీళ్లే లేవనుకుంది ప్రోగ్రాము. కాలవ ఎండిపోయిందని తలుపును అమాంతం పైకెత్తేసింది.

కుర్చీతో సహా సింహం, దండతో సహా నక్క కొట్టుకుపోయారు. ఏనుగులు దూకి తలుపు దించాయి.

జూలు పిండుకుంటూ సింహం గర్జించింది. "తీతువూ! ఎందుకు కూయలేదు?"

"కూశాను ప్రభూ. ఆ తప్పుకు ఇక కూయొద్దని నక్క బావగారు నియమమే తీసేశారు."

"రాజా... శకునం బాగోదని..." నక్క నసిగింది.

"నీకు మంత్రి పదవి కాదురా, తూము పదవి ఇస్తున్నా! ఎద్దు సరిచేసి, తీతువు సరేననేదాకా ఆ తలుపు నువ్వే ఎత్తు, నువ్వే దించు!"

నక్క ఏడుపుముఖంతో తలుపు గొలుసు నోట కరుచుకుంది.

నీతి: కూత ఆపితే తప్పు ఆగదు.