కుర్చీలకి అతికించిన కీర్తన

నరసాపురంలో సంగీత సభ నడిపే పురుషోత్తం అనే కార్యదర్శికి, పైఊళ్ళలో పేరు మోసినవాళ్ళ పాట తప్ప పక్కింటివాళ్ళ పాట చెవికెక్కేది కాదు. చెడ్డవాడేం కాదు పాపం. హాలు నిండదేమోనని ఆయన బెంగ. ఉత్సవాలకి నెల ముందు నుంచే అన్నం సయించేది కాదు.

ఆయన వీధిలోనే మాణిక్యాంబగారని వీణ టీచరు ఉండేవారు. నలభై కీర్తనలు కట్టారు. వాటిలో ఒక్కటైనా సభలో ఎవరైనా పాడగా వినాలని ఆవిడ ఆశ. సభలో పాడాకే పిల్లలకి నేర్పుతానని పంతం కూడాను. ఓ రోజు తన నోటుపుస్తకం తెచ్చి పురుషోత్తం చేతిలో పెట్టారు.

"బాబూ, నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. చూసి, ఏదో ఒకటి పాడించు."

"అలాగే పిన్నిగారూ! వచ్చే ఏడు తప్పకుండా చూద్దాం" అన్నాడు.

ఆ వచ్చే ఏడు పదకొండుసార్లు వచ్చి వెళ్ళింది. ఆవిడ నాలుగేళ్ళు అడిగి, ఇక అడగడం మానేశారు. ఈయన హాయిగా మరిచిపోయాడు.

పన్నెండో ఏడు, కచేరీ తొమ్మిది రోజులుందనగా, మద్రాసు నుంచి గాయని హైమవతి ఫోన్ చేసింది.

"మీ ఊరి మాణిక్యాంబగారు కల్యాణి రాగంలో ఒక కీర్తన కట్టారట కదండీ. మా అమ్మ ఎప్పుడో ఆవిడ ఇంట్లో విని, ఇప్పటికీ చెబుతుంది. ఈసారి అదే పాడతాను. స్వరం రాసి పంపండి. కుదరదంటే నేను రాను."

పురుషోత్తం అప్పటికే ఆమె పేరుతో ఊరంతా పోస్టర్లు అతికించేశాడు మరి! చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

మాణిక్యాంబగారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"పిన్నిగారూ, ఆ కల్యాణి కీర్తన ఒక్కసారి పాడండి!"

"నువ్వెవరు బాబూ?" అన్నారావిడ.

పక్కనే ఉన్న ఆవిడ కోడలు కళ్ళు తుడుచుకుంది. "రెండేళ్ళుగా ఇంతే అన్నయ్యగారూ. అన్నీ మరిచిపోతున్నారు."

ఆవిడ మాత్రం సన్నగా అందుకున్నారు. "ఏ వాకిట నిలుతునే తల్లీ..." అంతవరకే పాడి ఆగిపోయారు. "తర్వాతది పుస్తకంలో ఉంది. పుస్తకం సభవాళ్ళ దగ్గరుంది. పాడిస్తామన్నారు" అన్నారు.

పురుషోత్తం పరుగున వెళ్ళి సభ బీరువా తిరగేశాడు. పుస్తకం అట్ట ఒక్కటే దొరికింది. అప్పుడు గుర్తొచ్చింది. ఏటా ముందు వరస కుర్చీలకి, పెద్దమనుషుల కోసం, 'రిజర్వు' అని చీటీలు అతికించాలి. ఆ పుస్తకంలో ఒక పక్కే రాసి ఉందని, పేజీలు చింపి రెండో పక్క రాసి అతికించింది తనే!

కుర్చీలున్న గోదాములో పడ్డాడు. తడిగుడ్డ పెట్టి చీటీలు ఒక్కొక్కటే ఊడదీశాడు. వెనకాల ఆవిడ గుండ్రటి అక్షరాలు. కొన్ని చిరిగాయి, కొన్ని పురుగు కొట్టేసింది. మూడో రోజుకి పల్లవి దొరికింది. నాలుగో రోజుకి చరణం దొరికింది. రెండింటికీ నడుమ రావాల్సిన అనుపల్లవి లేదు. ఊడి రాలిన చీటీలన్నీ ఏ ఏటికా ఏడు ఊడ్చి పారేశారు. దేవుడా, ఆ రెండు లైన్లు చూపించు అని మొక్కని దేవుడు లేడు. దొరకలేదు. దొరికినంత రాసి పంపితే, అంతే పాడతానంది హైమవతి.

కచేరీ రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో, చీటీ లేని కుర్చీలో మాణిక్యాంబగారిని కూర్చోబెట్టారు. హైమవతి పల్లవి పాడి, చేతులు జోడించింది. "ఇక్కడ అనుపల్లవి ఉండాలి. పోయింది" అంది. కాసేపు తంబూరా ఒక్కటే మోగింది. ఒళ్ళో తాళం వేస్తున్న మాణిక్యాంబగారి చెయ్యి కూడా ఆగిపోయింది. ఆ తర్వాత చరణం పాడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మాణిక్యాంబగారు పక్కకి తిరిగారు. "ఎంత బాగుంది బాబూ! ఎవరు కట్టారో పాపం, నడుమ పోగొట్టుకున్నారు."

"మీరే కట్టారు పిన్నిగారూ. పోగొట్టింది నేను" అన్నాడు పురుషోత్తం.

ఆవిడ నవ్వేశారు. "నేనా! చాల్లే, నాకు అంత ఎక్కడొచ్చు?" అన్నారు.

నీతి: మన మధ్య ఉన్నవారి విద్యను, అది తమదని వారికి గుర్తున్నప్పుడే గౌరవించాలి, వాయిదా వేసిన గౌరవం ఎవరికీ అందదు.