మాణిక్యాంబ గారి హాలు

ఇళ్ళు కట్టించే సోమలింగాచారి గారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, కాఫీ చెబుతారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నీలవేణి ఇప్పటిదాకా తాగిన కాఫీలో కాకినాడ రేవులోని ఓడలన్నీ తేలతాయి.

ఆ రోజూ అంతే. "కట్టబోయే ఇంటిని ముందే, కళ్ళకి తగిలించే వీఆర్ అద్దాల్లో చూపిస్తున్నాం కదండీ. కొలతలు సరిగ్గానే పెడుతున్నాను. అయినా చూసినవాళ్ళందరూ ఇరుకంటున్నారు. తప్పెక్కడుందండీ?" అని అడిగింది. అడగక ఏం చేస్తుంది పాపం! మాణిక్యాంబ గారు కట్టించుకోబోయేది నీలవేణి మొదటిసారి సొంతంగా గీసిన ఇల్లు. ఆవిడ మధ్యాహ్నమే చూడ్డానికి వస్తున్నారు. వంక పెట్టారంటే ఆ పని ఇంకొకరికి పోతుంది. "పోనీ, అద్దాల్లో మటుకు గోడలు కాస్త వెనక్కి జరిపెయ్యనాండీ?" అని కూడా గొణిగింది.

"గోడల జోలికి వెళ్ళకు" అని గురువు గారు కాఫీ చెప్పారు.

మాణిక్యాంబ గారు నడిచొస్తుంటే వీధి చివరి కొట్లో సీసాలు గలగలలాడతాయి. రేకుల షెడ్డు వేసిన డాబా మీద నిలబెట్టి అద్దాలు తగిలించగానే, "ఇది హాలా, అగ్గిపెట్టా? మా ఇంటిల్లిపాదీ కూర్చుంటే నేను క్యాలెండరులా గోడకి వేలాడాలి!" అన్నారు. అన్నారే గానీ, నిలబడ్డ చోటు నుంచి అంగుళం కదల్లేదు.

నీలవేణి గుండె జారి, డాబా మెట్లన్నీ దిగి, వీధిలో పడింది.

"ఒక్కసారి కిందకి చూడండమ్మా" అన్నారు గురువు గారు.

చూశారు. "ఓరి నాయనో, నా కాళ్ళేవండీ!" ఆ కేకకి మూడు వీధుల కాకులు లేచిపోయాయి.

గురువు గారు శిష్యురాలి వైపు తిరిగారు. "ఆవిడ కాళ్ళు ఆవిడకి ఇచ్చెయ్యి."

నీలవేణి కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ హాల్లో జరీ అంచు కుచ్చిళ్ళూ వాటి కింద రెండు పాదాలూ పెట్టింది. కదలికను పట్టే పట్టీలు తెచ్చి మాణిక్యాంబ గారి కాళ్ళకి కట్టింది. ఈసారి ఆవిడ అడుగేస్తే అద్దాల్లోని పాదమూ అడుగేసింది. ఇక ఆవిణ్ణి ఆపేదెవరు! ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచి, కాశీకి పోయొచ్చినట్టు రొప్పారు.

"ఇంత హాలు రోజూ ఊడ్చేదెవరమ్మాయ్? మా కోడలు పుట్టింటికి పారిపోతుంది! సరే, ఇదే కట్టండి. ఒక్క అంగుళం తగ్గిందో, ఊరుకోను."

ఆవిడ వెళ్ళాక నీలవేణి గోడల కొలతలు మళ్ళీ మళ్ళీ చూసుకుంది. "ఏమీ మారలేదండీ. మరి ఇందాక..."

"ఇందాక కళ్ళు మాత్రమే వచ్చాయి తల్లీ" అన్నారు గురువు గారు. "ఆవిడ తర్వాత వచ్చారు."